జేమ్స్ బాండ్ చిత్రాలు: ఏ దశాబ్దం మేటి?



జేమ్స్ బాండ్ చిత్రాల గురించి నలుగురు కూర్చుని మాట్లాడుకుంటే ఎక్కువగా వచ్చే ప్రశ్న ఒకటే: ఏ నటుడు మేటి? ఒకరు షాన్ కానరీ అంటారు. ఒకరు రోజర్ మూర్ అంటారు. మీ వయసు వారు డేనియల్ క్రెయిగ్ అనవచ్చు. ఈ వాదన సరదాగా ఉంటుంది కాని తేలదు. ఎవరికి నచ్చిన నటుడు వారికి గొప్ప. అందుచేత ఈ పాఠంలో మనం ప్రశ్నను కొంచెం మార్చి వేద్దాం. ఏ దశాబ్దపు బాండ్ చిత్రాలు మేటి?

దశాబ్దాన్ని ఎందుకు తీసుకుంటున్నాం? గూఢచారి కథకు శత్రువు కావాలి. ఆ శత్రువు ఎవరన్నది రచయిత ఊహ ఒక్కటే నిర్ణయించదు. ఆ కాలంలో జనం దేనికి భయపడుతున్నారో అది కూడా నిర్ణయిస్తుంది. 1962 నుంచి 2021 వరకు లండన్‌లోని ఈయాన్ సంస్థ 25 బాండ్ చిత్రాలు తీసింది. వాటిని వరసగా చూస్తే అరవై ఏళ్ల భయాల చరిత్ర మన కళ్ల ముందు నిలుస్తుంది. ఇతర సంస్థలు తీసిన ఒకటి రెండు బాండ్ చిత్రాలను ఈ లెక్కలో చేర్చడం లేదు.

కొలబద్దలు ముందు, తీర్పు తరువాత

ర్యాంకులు ఇచ్చే ముందు దేనితో కొలుస్తున్నామో చెప్పాలి. పరీక్షలో ఏ ప్రశ్నకు ఎన్ని మార్కులో ముందే అచ్చు వేస్తారు కదా, ఇదీ అంతే.

వసూళ్లతో కొలవవచ్చా? ఒక ఉదాహరణ చూడండి. 1965లో వచ్చిన ‘థండర్‌బాల్’ ప్రపంచమంతటా సుమారు 14 కోట్ల డాలర్లు వసూలు చేసింది. 2012లో వచ్చిన ‘స్కైఫాల్’ 110 కోట్ల డాలర్లు తెచ్చింది. పైకి చూస్తే రెండోది ఎనిమిది రెట్లు పెద్ద విజయం. కాని 1965లో అమెరికాలో ఒక డాలరుకు దొరికిన సరుకు కొనాలంటే 2012లో ఏడు డాలర్లకు పైగా కావాలి. ఆ లెక్క వేస్తే రెండు విజయాలూ దాదాపు సమానమే. పైగా డబ్బు ఎంత మంది చూశారో చెబుతుంది గాని, ఏం చూశారో చెప్పదు.

కాబట్టి మనం మూడు కొలబద్దలు పెట్టుకుందాం. ఒకటి, కొత్తదనం: ఆ దశాబ్దం ఇతరులు అనుసరించే కొత్త దారి వేసిందా? రెండు, కాలస్పృహ: తన కాలపు భయాలను సూటిగా ఎదుర్కొందా? మూడు, నిలకడ: స్త్రీలను, ఇతర జాతులను, ఇతర దేశాలను చూపిన తీరు ఈనాడు మనం చూసినా నిలుస్తుందా? ఒక్కొక్కదానికి 5 మార్కులు, మొత్తం 15.

1960లు: అచ్చు పోసిన కాలం

ఇయాన్ ఫ్లెమింగ్ 1953లో ‘కసినో రాయల్’ అనే నవలతో బాండ్‌ను సృష్టించాడు. బ్రిటన్ తన వలస రాజ్యాలను ఒక్కొక్కటిగా వదులుకుంటున్న కాలమది. 1956లో సూయజ్ కాలువ వ్యవహారంలో ఆ దేశం పరువు కూడా పోయింది. అటువంటి సమయంలో లోకాన్ని కాపాడేది ఒక బ్రిటిష్ ఉద్యోగి అనే కల బాండ్ కథ. ఈ సంగతి గుర్తుంచుకుంటే మిగిలిన చిత్రాలు బాగా అర్థమవుతాయి.

ఆల్బర్ట్ బ్రాకొలీ, హారీ సాల్ట్‌జ్‌మన్ నిర్మించిన మొదటి చిత్రం ‘డాక్టర్ నో’ 1962 అక్టోబరు 5న లండన్‌లో విడుదలైంది. అదే నెలలో క్యూబా క్షిపణుల సంక్షోభం వచ్చి ప్రపంచం అణుయుద్ధం అంచుకు వెళ్లింది. అయినా ఈ చిత్రాలు సోవియట్ యూనియన్‌ను ముఖ్య శత్రువుగా చూపలేదు. ‘ఫ్రమ్ రష్యా విత్ లవ్’ నవలలో కుట్ర పన్నింది సోవియట్ సంస్థ. 1963 చిత్రంలో ఆ పని స్పెక్టర్ అనే ప్రైవేటు నేరముఠాకు అప్పగించారు. ఇరు పక్షాలనూ ఒకరి మీదికి ఒకరిని ఎగదోసి లాభం పొందే ముఠా అది. 1967 నాటి ‘యూ ఓన్లీ లివ్ ట్వైస్’లో ఆ ముఠా అమెరికా, రష్యా రెండింటి అంతరిక్ష నౌకలనూ ఎత్తుకుపోతుంది. అగ్రరాజ్యాల తగవులో మూడోవాడు లాభపడతాడన్న మాట ఆ రోజుల్లో చెప్పడం చిన్న సంగతి కాదు.

బాండ్ చిత్రాలకు పోలికగా చెప్పుకునే బాణీ సంగీతం, ముందుగా వచ్చే సాహస ఘట్టం, కెన్ ఆడమ్ వేసిన భారీ సెట్లు, 1964 నాటి ‘గోల్డ్‌ఫింగర్’లోని ఆయుధాల కారు, అన్నీ ఈ దశాబ్దంలోనే వచ్చాయి. ఆ గాలి మన దాకా వీచింది. తెలుగులో 1966లో కృష్ణ నటించిన ‘గూఢచారి 116’ ఆ కెరటంలో వచ్చిందే. మరుసటి సంవత్సరం అది హిందీలో ‘ఫర్జ్’ అయింది.

లోపాలూ పెద్దవే. స్త్రీ వద్దన్నా బాండ్ బలవంతం చేయడాన్ని ‘గోల్డ్‌ఫింగర్’ సరసంగా చూపింది. ‘డాక్టర్ నో’లో సగం చైనా రక్తం గల ప్రతినాయకుడి పాత్రను కెనడాలో పుట్టిన తెల్లజాతి నటుడు వేశాడు. అయితే 1969 నాటి ‘ఆన్ హర్ మెజెస్టీస్ సీక్రెట్ సర్వీస్’ బాండ్‌కు పెళ్లి చేసి, ఆ రోజే భార్యను పోగొట్టి, అతడు కూడా ఏడవగల మనిషేనని చూపింది. మార్కులు: 5, 4, 3.

1970లు: వెంట నడిచిన కాలం

దారి చూపిన వారే ఈ దశాబ్దంలో ఇతరుల వెంట నడవసాగారు. అమెరికాలో నల్లజాతి కథానాయకుల చిత్రాలు ఆడుతున్నప్పుడు 1973లో ‘లివ్ అండ్ లెట్ డై’ వచ్చింది. కాని అందులో నల్లజాతి వారిలో ఎక్కువమంది నేరగాళ్లే. కుంగ్‌ఫూ చిత్రాల జోరులో 1974లో ‘ద మ్యాన్ విత్ ద గోల్డెన్ గన్’ వచ్చింది. 1977లో ‘స్టార్ వార్స్’ విజయం చూసి, ముందు ప్రకటించిన కథను పక్కనపెట్టి, 1979లో ‘మూన్‌రేకర్’తో బాండ్‌ను అంతరిక్షానికి పంపారు.

మేలు లేకపోలేదు. 1973 చమురు సంక్షోభం తరువాత వచ్చిన ‘గోల్డెన్ గన్’ కథలో అందరూ వెతికేది సూర్యశక్తి పరికరం కోసం. 1977 నాటి ‘ద స్పై హూ లవ్డ్ మీ’లో సోవియట్ గూఢచారిణి బాండ్‌కు సమఉజ్జీగా నిలుస్తుంది. అగ్రరాజ్యాల మధ్య ఉద్రిక్తత తగ్గిన రోజుల చిత్రమది. మార్కులు: 2, 3, 2.

1980లు: నేల మీదికి దిగిన కాలం

1981 నాటి ‘ఫర్ యువర్ ఐస్ ఓన్లీ’ అంతరిక్షం వదిలి నేల మీదికి వచ్చింది. 1983 నాటి ‘ఆక్టోపసీ’ని మనం ప్రత్యేకంగా చూడాలి. దానిలో కొంత భాగం ఉదయపూర్‌లో తీశారు. కబీర్ బేడీ, టెన్నిస్ ఆటగాడు విజయ్ అమృత్‌రాజ్ నటించారు. కథలో ఒక సోవియట్ సేనాని పశ్చిమ జర్మనీలోని అమెరికా స్థావరంలో అణుబాంబు పేల్చాలనుకుంటాడు. అది ప్రమాదమని నమ్మి ఐరోపా ప్రజలు అణ్వాయుధాలు వదులుకోమని ఒత్తిడి తెస్తారని అతని ఎత్తుగడ. నిజంగా ఆ ఏడాది ఐరోపాలో కొత్త క్షిపణులకు వ్యతిరేకంగా లక్షల మంది వీధుల్లోకి వచ్చారు. కాలస్పృహ అంటే ఇదే.

కాని అదే చిత్రంలో మన దేశం ఎలా ఉంది? పాములవాడు, నిప్పుల మీద నడిచేవాడు, కత్తులు మింగేవాడు, అందరూ ఒక్క బజారులోనే. చిత్రీకరించిన ఊరు నిజమే, చూపిన దేశం మాత్రం సర్కసు. ఈ ఒక్క చిత్రంలోనే రెండో కొలబద్దకు మంచి మార్కు, మూడోదానికి తక్కువ మార్కు పడతాయని గమనించండి.

1987 నాటి ‘ద లివింగ్ డేలైట్స్’లో తిమోతీ డాల్టన్ బాండ్. అందులో అఫ్ఘానిస్తాన్ ముజాహిదీన్లు బాండ్‌కు మిత్రులు. 2001 తరువాత ఆ దృశ్యాలను ఎవరూ అంత తేలికగా చూడలేరు. నేటి మిత్రుడు ఎల్లకాలం మిత్రుడు కాడని ఆ చిత్రం తనకు తెలియకుండానే పాఠం చెబుతుంది. మార్కులు: 3, 4, 3.

1990లు: శత్రువు పోయిన కాలం

1989లో బెర్లిన్ గోడ కూలింది. 1991లో సోవియట్ యూనియన్ అంతరించింది. న్యాయ వివాదాల వల్ల 1989 తరువాత ఆరేళ్లు బాండ్ చిత్రమే రాలేదు. తిరిగి వచ్చేసరికి అందరి ప్రశ్న ఒకటే: ఇక ఇతనితో పనేమిటి? 1995 నాటి ‘గోల్డెన్ ఐ’ ఆ ప్రశ్నను బాండ్ ముందే పెట్టింది. అడిగింది అతని పైఅధికారి అయిన స్త్రీ. ఆ పాత్ర జూడీ డెంచ్‌ది. నిజజీవితంలో 1992లోనే బ్రిటన్ అంతర్గత గూఢచార సంస్థకు స్టెల్లా రిమింగ్టన్ అధిపతి అయ్యారు. 1997 నాటి ‘టుమారో నెవర్ డైస్’లో వార్తల కోసం యుద్ధం పుట్టించే పత్రికాధిపతి ప్రతినాయకుడు. ఈ ఆలోచన ఈనాటికీ పదునుగానే ఉంది. అయితే ఆలోచన ఎంత కొత్తదైనా చివరి అరగంట మాత్రం పాత పద్ధతిలో తుపాకుల మోతే. మార్కులు: 2, 4, 3.

2000లు: కూల్చి కట్టిన కాలం

2002 నాటి ‘డై అనదర్ డే’లో కనిపించని కారు ఉంది. కంప్యూటర్‌లో గీసిన కెరటాల మీద బాండ్ జారతాడు. డబ్బు వచ్చింది గాని నమ్మకం పోయింది. నిర్మాతలు లాభం వచ్చిన దారినే వదిలి, 2006లో ‘కసినో రాయల్’తో కథను మొదటికి తీసుకువెళ్లారు. డేనియల్ క్రెయిగ్ బాండ్ దెబ్బ తింటే నొప్పి పడతాడు, నమ్మి మోసపోతాడు. అతని శత్రువు ఉగ్రవాదుల డబ్బును షేర్లలో పెట్టే బ్యాంకరు. 2008 నాటి ‘క్వాంటమ్ ఆఫ్ సొలేస్’ రచయితల సమ్మె మధ్య తయారై కథ బలహీనపడింది. అయినా బొలీవియా నీటిని చేజిక్కించుకునే కుట్ర అందులో ఉంది. 2000లో అదే దేశంలోని కొచబాంబాలో నీటి ప్రైవేటీకరణపై ప్రజలు తిరగబడ్డారు. మార్కులు: 4, 4, 3.

2010లు, ఆ తరువాత

2012 నాటి ‘స్కైఫాల్’లో శత్రువు తమ సంస్థ వదిలేసిన తమ మనిషే. దాడి కంప్యూటర్ల ద్వారా మొదలవుతుంది. 2015 నాటి ‘స్పెక్టర్’ ప్రభుత్వాలు పౌరులందరిపై నిఘా పెట్టడాన్ని ప్రశ్నించింది. 2013లో ఎడ్వర్డ్ స్నోడెన్ బయటపెట్టిన సంగతుల నీడ అందులో కనిపిస్తుంది. కాని ప్రతి కష్టానికీ ఒక్కడే కారణమని చెప్పి కథను ఇంటి తగవుగా కుదించింది. మార్కులు: 3, 4, 4.

2020లలో ఇంతవరకు ఉన్నది 2021 నాటి ‘నో టైమ్ టు డై’ ఒక్కటే. కోవిడ్ వల్ల ఆలస్యమైన ఆ చిత్రం చివర బాండ్ మరణిస్తాడు. ఒక్క చిత్రంతో దశాబ్దానికి ర్యాంకు ఇవ్వడం న్యాయం కాదు. 2025లో ఈ చిత్రాల కథా నిర్ణయాధికారం బ్రాకొలీ కుటుంబం చేతి నుంచి అమెజాన్ సంస్థకు మారింది.

వరస

మార్కులు కూడితే 1960లకు 12, 2000లకు 11, 2010లకు 11, 1980లకు 10, 1990లకు 9, 1970లకు 7. సమానంగా వచ్చిన రెండింటిలో 2000లను ముందు ఉంచుదాం. 2010లు నడిచిన దారిని వేసింది ఆ దశాబ్దమే.

ఇప్పుడు ఒక చిన్న లెక్క చేయండి. మూడో కొలబద్ద అయిన నిలకడకు రెట్టింపు విలువ ఇవ్వండి. 1960లు, 2010లు 15 చొప్పున సమానమవుతాయి. మూడు రెట్లు ఇవ్వండి. 2010లకు 19, 1960లకు 18. మొదటి స్థానమే మారిపోయింది! చిత్రాలు మారలేదు, మార్కులూ మారలేదు. మనం దేనికి ఎక్కువ విలువ ఇస్తున్నామో అది మారింది. పత్రికల్లో కనిపించే ఏ ర్యాంకుల పట్టిక అయినా ఇంతే, అది కళాశాలలది కావచ్చు, నగరాలది కావచ్చు. పట్టిక చూడగానే మొదటి పేరు కోసం వెతకకండి. దేనికి ఎంత విలువ కట్టారో ముందు అడగండి.

మరొక సంగతి. ‘దశాబ్దం’ అనే గీత కూడా మనం గీసుకున్నదే. ‘డై అనదర్ డే’కు, ‘కసినో రాయల్’కు మధ్య ఉన్న దూరం రెండు దశాబ్దాల మధ్య ఉన్న దూరం కన్నా ఎక్కువ. అయినా రెండూ ఒకే గడిలో పడ్డాయి. 1960లలో ఆరు చిత్రాలు ఉంటే 2010లలో రెండే. వర్గీకరణ మన సౌకర్యం కోసమని మరువకూడదు.

వరసలో దిగువనున్న 1970లలోనే రష్యా గూఢచారిణి సమఉజ్జీ అయింది. పైనున్న 1960లలోనే స్త్రీ మాటకు విలువ లేకపోయింది. మొదటి ర్యాంకు వచ్చినంత మాత్రాన తప్పులు మాఫీ కావు, చివరి ర్యాంకు వచ్చినంత మాత్రాన మంచి చెరిగిపోదు.

మీరు చేయవలసినవి

1. ‘నిలకడ’కు మీరు ఎన్ని మార్కులు కేటాయిస్తారు? ఎందుకు? వరస మళ్లీ వేయండి.

2. మీరు చూసిన ఒక గూఢచారి చిత్రాన్ని తీసుకోండి. అందులో శత్రువు ఎవరు? ఆ చిత్రం వచ్చిన ఏడాది వార్తల్లో ఏ భయం ఉంది?

3. మన చిత్రాలలో ఇతర దేశాల వారిని ఎలా చూపుతున్నాం? ‘ఆక్టోపసీ’ మనల్ని చూపిన తీరుతో పోల్చి ఒక పేజీ రాయండి.