కోడి కార్జం చెప్పే కబురు

కోడిని కోస్తాం. కార్జం చేతిలోకి తీసుకుంటాం. ముదురు ఎరుపు రంగులో నున్నగా ఉంటే "మంచి కోడి" అంటాం. చదువు రాకముందు కూడా మనకు ఈ సంగతి తెలుసు.

అదే కార్జం ఉబ్బి, పసుపు రంగుకు తిరిగి, మీద నెత్తుటి చుక్కలు ఉంటే? గుండె చుట్టూ ఉన్న సంచిలో నీరు చేరితే?

అది లీచీ రోగం కావచ్చు. లీచీ బీహారులో పండే పండు. తొక్క తీస్తే మన తాటిముంజలా ఉంటుంది. నీటిసంచిలోని కోడిగుండె అట్లా కనిపిస్తుంది. అందుకే ఆ పేరు.

1987లో పాకిస్తాన్‌లో, కరాచీ దగ్గర అంగారా గోఠ్ అనే చోట ఈ రోగం బయటపడింది. 1994 నాటికి మన దేశంలోనూ కనిపించింది. దీనికి కారణం వైరస్. వైరస్ కంటికి కనిపించదు. కోడి కార్జంలో చేరి పెరుగుతుంది. మూడు నుంచి ఆరు వారాల బ్రాయిలర్ కోళ్ళకు ఎక్కువగా వస్తుంది. నిన్న మేత తిన్న కోడి ఈ రోజు చచ్చి పడి ఉంటుంది. వంద కోళ్ళలో 20 మొదలు 80 దాకా చావవచ్చు. అప్పు తెచ్చి కోళ్ళు పెంచే ఇంటికి ఎంత దెబ్బ!

వచ్చాక మందు లేదు. రాకముందు వేసే టీకా ఉంది. మొదట ఆ టీకాను ఎట్లా చేశారో తెలుసా? ఈ రోగంతో చచ్చిన కోళ్ళ కార్జాన్నే నూరి, అందులోని వైరస్‌ను మందుతో చంపి చేశారు!

మన సీమలో బుడ్డల చెక్క సంగతి కూడా చెప్పుకోవాలి. తడి తగిలి బూజు పట్టిన చెక్కలో విషం పుడుతుంది. 1960లో ఇంగ్లండులో అట్లాంటి చెక్క తిని లక్షకు పైగా టర్కీ కోళ్ళు చచ్చాయి. అది వైరస్ కాదు, బూజు విషం. అదీ కార్జాన్నే చెరుపుతుంది. అట్లా చెడిన కోడికి వైరస్ కూడా సోకితే తట్టుకోలేదు. "మనం తినంలే, కోళ్ళకు వేద్దాం" అనుకోకండి అక్కా. మేత మూటల కింద కట్టెలు పరచండి.

"మాకు కామెర్లు అంటుకుంటాయా?" అని అడుగుతారు. అంటుకోవు. ఇది మనుషుల కామెర్ల వైరస్ కాదు. అయినా చచ్చిన కోడిని వండవద్దు. ఇంట్లో కోయవద్దు. సంచిలో వేసి బనగానపల్లె పశువుల ఆసుపత్రికి తీసుకుపోండి. కొక్కెర రోగం కూడా కావచ్చు. డాక్టరు కోసి చూసి చెబుతారు. మిగతా చచ్చిన కోళ్ళను లోతు గుంటలో వేసి, సున్నం చల్లి పూడ్చండి.

వైరస్ రెట్టలో ఉంటుంది. చెప్పులకు అంటి ఊరంతా తిరుగుతుంది. కోళ్ళ షెడ్డులో కూలికి పోయే అక్కలు ఆ చెప్పులు అక్కడే విడిచి, కాళ్ళు చేతులు కడుక్కొని, అప్పుడు ఇంటి కోళ్ళ గంప ఎత్తాలి.