పరపతి నివేదికలో పరాయి అప్పు: గుర్తింపు చౌర్యాన్ని ముందే పసిగట్టే మార్గం

సిమ్ కార్డుకో, అద్దె ఇంటికో ఇచ్చిన పాన్, ఆధార్ జిరాక్స్ ప్రతులు దుర్వినియోగమైతే, సొంతదారుకు తెలియకుండానే అతని పేరిట అప్పు పుట్టవచ్చు. 2022 ఫిబ్రవరిలో దేశంలో పలువురికి ఇదే అనుభవం ఎదురైంది. తామెన్నడూ దరఖాస్తు చేయని రుణాలు ఒక యాప్ ద్వారా తమ పాన్ నంబర్లపై మంజూరైనట్లు, పరపతి నివేదికలు చూసుకున్నప్పుడే వారికి తెలిసింది. ఇటువంటి బాకీ చిన్న మొత్తమే అయినా, రేపటి గృహ రుణానికి అడ్డు కాగలదు.

పరపతి సమాచార సంస్థల (నియంత్రణ) చట్టం, 2005 పరిధిలో ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఈక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, క్రిఫ్ హై మార్క్ అనే నాలుగు సంస్థలు పనిచేస్తున్నాయి. జనవ్యవహారంలో మాత్రం అన్నింటికీ సిబిల్ అన్న పేరే స్థిరపడింది. రిజర్వు బ్యాంకు ఆదేశాల మేరకు 2017 జనవరి 1 నుంచి ప్రతి సంస్థా ఏడాదికొకసారి పూర్తి నివేదికను ఉచితంగా ఇవ్వవలసి ఉంది. నాలుగింటినీ ఒకేసారి తీసుకోక మూడు నెలలకొకటి చొప్పున తీసుకుంటే, పైసా ఖర్చు లేకుండా ఏడాది పొడవునా నిఘా ఉంచవచ్చు. సొంత నివేదికను చూసుకుంటే స్కోరు తగ్గుతుందన్నది అపోహ మాత్రమే.

నివేదిక తెరవగానే అందరి దృష్టీ 300 నుంచి 900 వరకు ఉండే స్కోరుపైనే పడుతుంది. చౌర్యం జాడ అక్కడ కాక, ఎవరూ చదవని చివరి పుటలలో ఉంటుంది. ఏ రుణసంస్థ ఏ తేదీన ఈ వ్యక్తి వివరాలు కోరిందో తెలిపే ఎంక్వైరీల పట్టికను ముందుగా పరిశీలించాలి. అప్పు మంజూరు కాకపోయినా, ప్రయత్నం జరిగినట్లు అందులో నమోదవుతుంది. తరువాత చూడవలసినవి ఫోను నంబరు, చిరునామా. మోసగాడు ఓటీపీలు, నోటీసులు తనకే చేరేలా సొంత నంబరు ఇస్తాడు గనుక, తెలియని నంబరు కనిపిస్తే అనుమానించవలసిందే. అయితే యాప్ ద్వారా తీసుకున్న రుణం యాప్ పేరుతో గాక, వెనుకనున్న ఫైనాన్స్ కంపెనీ పేరుతో నమోదవుతుంది. కనుక పేరు కొత్తగా ఉన్నంత మాత్రాన కంగారుపడక, తేదీ, మొత్తం సరిపోల్చుకోవాలి.

తప్పు కనిపిస్తే పరపతి సంస్థకూ, రుణమిచ్చినట్లు నమోదైన సంస్థకూ ఏకకాలంలో ఫిర్యాదు చేయాలి. రుణసంస్థ ధ్రువీకరించనిదే పరపతి సంస్థ తనంతట తానుగా పద్దును మార్చదు. ఫిర్యాదుదారులు తరచూ చిక్కుపడేది ఇక్కడే. 30 రోజులలో పరిష్కారం కాకపోతే, ఆపై ప్రతి రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం చెల్లించాలన్న నిబంధన 2024 ఏప్రిల్‌లో అమలులోకి వచ్చింది. ఫిర్యాదు సంఖ్య, తేదీ భద్రపరచుకోనిదే ఆ హక్కును నిరూపించుకోవడం కష్టం. అప్పటికీ న్యాయం జరగకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. 2022 సెప్టెంబరు 1 నుంచి పరపతి సంస్థలు కూడా ఆ పరిధిలోకి వచ్చాయి.

ఇతరుల గుర్తింపును మోసపూరితంగా వాడుకోవడం సమాచార సాంకేతిక చట్టంలోని 66సి సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా విధించదగిన నేరం. బాధితులు 1930 నంబరుకు గానీ, సమీప పోలీసు స్టేషనులో గానీ ఫిర్యాదు చేయవచ్చు. పోలీసు ఫిర్యాదు ప్రతిని రుణసంస్థకు పంపే లేఖకు జతపరచడం మేలు.