ఊరి వైద్యశాల, ఊరివారి లెక్క

తూమునొద్ద ఎంత నీరు విడిచిరో కాగితముపై వ్రాసియుండవచ్చును. కాలువ చివరనున్న మడికి ఎంత చేరెనో ఆ మడి రైతే చెప్పవలెను. నడుమ గండ్లు పడవచ్చును, దొంగతూములు వెలయవచ్చును. ప్రభుత్వ ధనము సంగతియు నిట్టిదే. రాజధానిలో మంజూరైన సొమ్ము పల్లెలోని బడికిని, వైద్యశాలకును ఎంత చేరినదో తెలిసికొనుటకు మంజూరు ఉత్తరువు చాలదు. చివరి మడియొద్ద నిలిచి కొలువవలెను. ఇట్లు కొలిచి చూచిన యొక దేశపు అనుభవము మన సంఘ సభ్యులకు ఉపయోగపడునని తలంచి యిచ్చట వ్రాయుచున్నాము.

ఆఫ్రికా ఖండమున విక్టోరియా సరస్సునకు ఉత్తరమున ఉగాండా దేశము కలదు. అచ్చటి జనులలో అధికులు మనవలెనే సేద్యముపై బ్రదుకువారు. అరటి, మొక్కజొన్న, కాఫీ పండింతురు. అచ్చటి ప్రభుత్వము ప్రాథమిక పాఠశాలలకు, ఒక్కొక్క విద్యార్థికి ఇంత యని లెక్కగట్టి, జీతములు గాక ఇతర వ్యయముల కొఱకు సొమ్ము మంజూరు చేయుచుండెను. 1996లో 250 పాఠశాలల పద్దులు పరిశీలింపగా, 1991 మొదలు 1995 వరకు ఆ సొమ్ములో సగటున నూటికి 13 వంతులు మాత్రమే బడులకు చేరినట్లు తేలెను. చాల బడులకు చిల్లిగవ్వయు ముట్టలేదు. తమకు రావలసినదెంతయో ప్రధానోపాధ్యాయులకే సరిగా తెలియదు. తల్లిదండ్రులకు అసలే తెలియదు. తెలియనివాడు ఏమని అడుగగలడు?

పిమ్మట ప్రభుత్వమువారు, ఏ జిల్లాకు ఎంత పంపిరో పత్రికలలో ప్రకటించుటకును, ప్రతి బడి గోడపైనను వచ్చిన మొత్తమును అంటించుటకును ఏర్పాటు గావించిరి. 2001 నాటికి నూటికి సుమారు 80 వంతులు బడికి చేరుచుండెను. ఆ కాలముననే ఇతర సంస్కరణములును జరిగినవి గనుక ఘనతయంతయు ప్రకటనలదే కాదని కొందరు పండితులు వాదించిరి. అయినను, దాచిన పద్దుకంటె గోడపైని పద్దు మేలన్నది స్పష్టము.

2001లో ఉగాండా ప్రభుత్వము తన వైద్యశాలలలో రోగులయొద్ద రుసుము తీసికొనుట మానెను. కాని రుసుము లేనంతమాత్రమున వైద్యము దొరకునా? వేళకు నర్సు రాకపోవుట, మందులు నిండుకొనుట, రోగి గంటలకొలది వేచియుండుట సాధారణమై యుండెను. మార్టినా బ్యోర్క్‌మన్, జేకబ్ స్వెన్సన్ అను అర్థశాస్త్రజ్ఞులు 2004లో తొమ్మిది జిల్లాలనుండి 50 గ్రామ వైద్యశాలలను తీసికొనిరి. ప్రదర్శన క్షేత్రమున ఒక మడికి ఎరువు వేసి, ప్రక్క మడిని మామూలుగా విడిచి, దిగుబడులను పోల్చుట మన రైతులెఱిగినదే. అట్లే వారును 25 వైద్యశాలలయందు క్రొత్త పద్ధతి నడపి, 25 విడిచిరి.

ఆ పద్ధతి యిది. మొదట ఆ వైద్యశాల స్థితిగతులను ఇండ్లలోను, వైద్యశాలలోను విచారించి, చదువురానివారికిని బోధపడునట్లు ఒక పట్టికగా తయారు చేసిరి. పిమ్మట మూడు సభలు జరిగెను: ఒకటి గ్రామస్థులది, ఒకటి వైద్య సిబ్బందిది, మూడవది ఉభయులది. మూడవ సభయందు ఇరువురును తమ తమ కష్టములు చెప్పుకొని, ఎవరేమి చేయవలెనో ఒడంబడిక వ్రాసికొనిరి. ఆరు మాసములకు మరల కూడి, ఎంత నెఱవేరినదో చూచుకొనిరి. సిబ్బంది పనివేళల జాబితా గోడపై వెలసెను. ముందు వచ్చినవారికి ముందు వైద్యమని సంఖ్యల చీట్లు వచ్చెను. ప్రభుత్వము ఈ వైద్యశాలలకు అదనముగా ధనమీయలేదు.

ఒక యేడాదికి ఫలము చూడగా, పోల్చుటకు విడిచిన ఊళ్లకంటె ఇచ్చట వైద్యశాలకు వచ్చు రోగులు నూటికి 20 మంది పెరిగిరి. ఐదేండ్ల లోపు పిల్లల మరణములు మూడింట ఒక వంతు తగ్గెను. ఎరువు వేసిన మడిలో అదనపు బస్తాలు లెక్కింతుము. ఇచ్చట లెక్కింపబడినది బిడ్డల ప్రాణములు.

అయితే ఇచ్చటనే ఒక హెచ్చరిక కలదు. మఱికొన్ని ఊళ్లలో పట్టిక లేకుండ సభలు మాత్రము జరిపి చూడగా ఫలము కానరాలేదు. చేతిలో లెక్క లేనివారు, పై ప్రభుత్వము ఇంకను ధనమీయవలెనని కోరుటతో సరిపెట్టుకొనిరి. లెక్క యున్నవారు, తమ నర్సు ఏల రాలేదని అడుగగలిగిరి. మఱియు 2014 మొదలుకొని 376 వైద్యశాలలను తీసికొని, వానిలో కొన్నింట ఇట్టి పద్ధతినే నడిపి పోల్చి చూచినప్పుడు, వైద్యపు నాణ్యత కొంత మెఱుగుపడినను, రోగుల రాకపోకలలోగాని శిశు మరణములలోగాని మార్పు కనబడలేదు. కావున ఇది మంత్రము కాదు; నేలనుబట్టి, కాలమునుబట్టి ఫలించు విత్తనము వంటిది. సభ జరిపితిమన్న తృప్తితో ఊరకుండరాదు. ఫలమును మరల మరల కొలుచుచుండవలెను.

మన దేశమునను ఇందుకు తగిన సాధనములు లేకపోలేదు. ఉపాధి హామీ పనుల విషయమై 2006 మొదలుకొని ఆంధ్రప్రదేశమున సామాజిక తనిఖీలు జరిగినవి. కూలీల యెదుటనే మస్తరులు చదివి, తరువాత మండల ప్రజావేదికలో ఫిర్యాదులు విచారించిరి. 2005 నాటి సమాచార హక్కు చట్టము ననుసరించి, అడిగిన సంగతికి 30 దినములలో జవాబీయవలెను. అదే యేట ఆరంభమైన గ్రామీణ ఆరోగ్య కార్యక్రమము క్రింద గ్రామ ఆరోగ్య సంఘములును, వాటికి ఏటేట కొంత నిధియు ఏర్పడినవి. మేము పల్లెలు తిరుగునప్పుడు చూచునదేమనగా, యూరియా బస్తా ధర పైసలతో సహా చెప్పగల రైతు, తన ఊరి ఆరోగ్య సంఘమున సభ్యులెవరో చెప్పలేకున్నాడు.

సహకార సంఘ సభ్యులకు ఇది క్రొత్త విద్య కాదు. సర్వసభ్య సమావేశమున జమాఖర్చులు చదివించుకొనుట, నిల్వ సరిచూచుట, కార్యదర్శిని ప్రశ్నించుట మనకు అలవాటే. ఆ యలవాటునే వైద్యశాల గుమ్మము వఱకు తీసికొనిపోవలెను. మూడు మాసముల పాటు ఏ దినమున ఎవరు వచ్చిరో, ఏ మందు లేదనిరో ఒక పుస్తకమున వ్రాయుడు. స్త్రీల మాట ముందుగా వినుడు. బిడ్డను చంకనెత్తుకొని అచ్చటికి పోవువారు వారే. పిమ్మట వైద్యుని, నర్సును సభకు మర్యాదతో పిలువుడు. నిందించుటకు కాదు, వారి కష్టమును వినుటకు, మన లెక్క చూపుటకు. నీరు లేని గదిలో కాన్పు చేయు నర్సుకును ఒక ఫిర్యాదు ఉండును. కుదిరిన మాటను వ్రాసి గోడపై అంటించి, ఆరు మాసములకు మరల కూడుడు.

ప్రభుత్వ ధనము మన ధనమే. మన సంఘపు పద్దును ఎంత పట్టుదలతో చూతుమో, అంత పట్టుదలతో దానిని చూచుట ప్రతి సభ్యుని విధి.