నీది, నాది, మనది: పరమగీతానికి ఒక నూతన స్వరరూపం

ప్రేమకూ భక్తికీ నడుమ గీత గీయడం ఎంత కష్టమో తెలుగువారికి వేరుగా చెప్పనవసరం లేదు. తాళ్ళపాక అన్నమాచార్యుల సంకీర్తనలు రాగిరేకులపై అధ్యాత్మమనీ, శృంగారమనీ రెండు తెగలుగా కనిపిస్తాయి. రెండింటికీ నాయకుడు వేంకటేశ్వరుడే. క్షేత్రయ్య పదాలలో మువ్వగోపాలునికై వేగిపోయే నాయికదీ ఇదే త్రోవ.

బైబిలు పాత నిబంధనలోని పరమగీతము కూడ ఈ కోవకు చెందినదే. ఎనిమిది అధ్యాయాల ఈ చిన్న గ్రంథం ఒక యువతీ యువకుల ప్రేమసంభాషణ. అందులో అధికభాగం పలికేది స్త్రీయే. తోడబుట్టినవారు ద్రాక్షతోటల కాపలాకు పెట్టగా ఎండకు నల్లబడితినని ఆమె తానే చెప్పుకొంటుంది. యూదులు ఈ గీతాన్ని దైవానికీ తమ జాతికీ గల అనుబంధంగా భావించి పస్కా పండుగ దినాలలో పఠిస్తారు. క్రైస్తవులు దీనిలో క్రీస్తుకూ సంఘానికీ గల ప్రేమను దర్శించారు.

ఇటలీ స్వరకర్త పాలెస్ట్రీనా 1584లో ఈ గ్రంథం నుండి 29 గీతాలను స్వరపరచి పోపు 13వ గ్రెగరీకి అంకితమిచ్చాడు. పూర్వం లౌకిక ప్రేమగీతాలకు బాణీలు కట్టినందుకు సిగ్గుపడుతున్నానని ఆ అంకితంలో వ్రాసుకొన్నాడు. విచిత్రమేమనగా, అందుకు పరిహారంగా ఆయన ఎన్నుకొన్నదీ ప్రేమగీతమే!

2008లో పులిట్జర్ బహుమతి పొందిన అమెరికా స్వరకర్త డేవిడ్ లాంగ్ 2014లో మరొక మార్గం త్రొక్కారు. ఆయన కృతి పేరు 'జస్ట్'. నార్వేకు చెందిన ట్రియో మెడీవల్ గాయనులు ముగ్గురు దీనిని ఆలపించారు. వయోలా, చెల్లో, కొద్దిపాటి తాళవాద్యాలు మాత్రమే తోడు. పరమగీతములోని కథను, వర్ణనలను విడిచి, ప్రియుడు, ప్రేయసి ఎవరెవరివని చెప్పిన వస్తువులను, గుణాలను మాత్రం ఏరి ఆయన ఒక జాబితా కూర్చారు. 'నీ' అని కొన్ని, 'నా' అని కొన్ని, అరుదుగా 'మన' అని కొన్ని. అవే మాటలు మెల్లగా, జపం వలె మరల మరల వినవస్తాయి. 2015లో వచ్చిన 'యూత్' చలనచిత్రంలోను ఈ సంగీతం వినిపించింది.

ఇంగ్లీషులో 'అవర్' అనే ఒక్క మాటే ఉన్నది. తెలుగులో 'మా' వేరు, 'మన' వేరు. 'మా' అన్నప్పుడు వినేవాడు వెలుపల నిలుస్తాడు. 'మన' అన్నప్పుడు లోపలికి వస్తాడు. ఈ కృతిలోని మూడవ మాట నిశ్చయంగా 'మన'యే. ఆ ఎదుటివాడు మనుష్యుడా, దైవమా అన్న ప్రశ్నను స్వరకర్త శ్రోతకే విడిచిపెట్టారు. అన్నమయ్యను విన్న చెవికి ఆ సందిగ్ధం కొత్త కాదు.

తంబురా చేతబట్టి పండవానీ గానంతో భారతకథను కళ్ళకు కట్టిన తీజన్ బాయి మన భిలాయి కర్మాగారంలో ఉద్యోగినిగా పనిచేసినవారే. కొద్దిపాటి సాధనాలతో ఎంత పలికించవచ్చునో ఈ ఊరి శ్రోతలెరుగుదురు. విశ్రాంతిగా ఉన్న ఒక సాయంకాలం ఇంటిల్లిపాదీ ఈ కృతిని ఆలకించి, 'మన' అన్న మాట ఎక్కడెక్కడ వస్తున్నదో గమనించగలరు.