పట్టాభూములలోని చెట్లు - రైతులు తెలిసికొనవలసిన చట్టము

"పట్టా నాది, భూమి నాది, చెట్టు నాది, నరకుట కింకొకరి సెలవు నాకేల?" అని రైతు లడుగుట కలదు. ఈ ప్రశ్న న్యాయమైనదే. కాని చెట్టు కలిగియుండుట వేరు, నరకుట వేరు, అమ్ముట వేరు, బండిపై నెక్కించి తరలించుట వేరు. ఈ నాలుగింటిని చట్టము వేర్వేరుగ చూచుచున్నది. పల్నాడు జిల్లా ఈపూరు మండలపు రైతుల కుపయోగపడునట్లు వాని నిందు వివరించుచున్నాము.

1. స్వామ్యము. రైత్వారీ పట్టాలోని వేప, చింత, తుమ్మ మొదలగునవి సాధారణముగ పట్టాదారునివే. డొంకలు, చెరువుకట్టలు, వాగులు మొదలగు పోరంబోకులోని చెట్టు మాత్రము ప్రక్క పొలము వానిది కాదు. అట్టి భూముల యాక్రమణము విషయమై 1905 సంవత్సరపు 3వ చట్టము కలదు. తాత తండ్రులనాటినుండి కాయలేరుకొనినంతమాత్రమున చెట్టు మనది కానేరదు. హద్దుపై సందేహమున్నచో ముందుగ సర్వే చేయించుకొనవలెను.

2. నరకుట. 2002 సంవత్సరపు ఆంధ్రప్రదేశ్ నీరు, భూమి, చెట్ల చట్టము ప్రకారము చెట్టును నరకుటకు ముందే, అందులకు నియమింపబడిన యధికారి యనుమతి పొందవలెను. ఆ యధికారి యెవరో, ఏ జాతులకు మినహాయింపు కలదో తహశీల్దారు కార్యాలయమున విచారించుకొనుట మంచిది. పొరుగువాడు నరకినాడు గనుక మనమును నరకవచ్చునని తలంపరాదు. చందనము, ఎర్రచందనము పట్టాభూమిలో పెరిగినను వాని కలపను దగ్గర నుంచుకొనుటకు 1969, 1989 సంవత్సరముల ప్రత్యేక నిబంధనలు కలవు.

3. అమ్ముట. వెంటనే నరకి తీసికొనిపోవు కలపచెట్టు చట్టదృష్టిలో చరాస్తి. నేలలోనే నిలిచి పెరుగుచు చాలకాలము ఫలమీయవలసిన చెట్టు స్థిరాస్తి. 1882 సంవత్సరపు ఆస్తి బదిలీ చట్టము, 1908 సంవత్సరపు రిజిస్ట్రేషను చట్టము ఈ భేదమును పాటించుచున్నవి. శాంతాబాయి వ్యాజ్యము (1958) లో, అనేక సంవత్సరములు అడవి కలప కొట్టుకొను హక్కు నిచ్చిన పత్రము రిజిస్టరు కాలేదు. సుప్రీముకోర్టు ఆమె యర్జీని కొట్టివేసినది. వెంటనే నరకుటయే ఉద్దేశమా, లేక చెట్టు నేలలో నిలిచి పెరుగుటయా యనునదే చూడవలసినదని న్యాయమూర్తి వివియన్ బోసు ప్రత్యేక తీర్పున వివరించిరి. కావున వర్తకునికి "అయిదేండ్లలో నెప్పుడైన కొట్టుకొనుము" అని తెల్లకాగితముపై వ్రాసియిచ్చుట యుభయులకును చేటు. ఎన్ని చెట్లు, ఏ సర్వే నెంబరు, ఎంత వెల, ఏ తేదీలోపల నరకవలెనో స్పష్టముగ వ్రాయవలెను.

4. తరలించుట. నరకుట కనుమతి దొరకినంత మాత్రమున తరలింపు పర్మిట్టు దొరకినట్లు కాదు. 1970 సంవత్సరపు అటవీఫలసాయ రవాణా నిబంధనల ప్రకారము, మినహాయింపు లేని కలపకు పర్మిట్టుండవలెను. అది లేని దుంగలు వినుకొండ త్రోవలో పట్టుబడినచో, బండి ఆగును, వర్తకుడు తప్పుకొనును, వెల చెల్లక రైతే నష్టపడును.

ఆడపిల్ల పెండ్లికో, బాకీ తీర్చుటకో రైతు ముదిరిన చింతను అమ్మజూచును. అవసర మెంత తొందరైనను, చెట్టు నరకిన పిదప కాగితములకై తిరుగుటకంటె, కాగితములు చేతికి వచ్చిన పిదప గొడ్డలి పట్టుట మేలు. నరకిన చోటనే యొక మొక్క నాటినచో, మనుమలనాటికి మరల నీడయు, కాపును కలుగును.