నక్క ఏం తింటుంది?

అదృష్టం పట్టినవాణ్ణి 'నక్క తోక తొక్కాడు' అంటాం. అదే నక్క ఊరి పొలిమేరలో కనబడితే మాత్రం కర్ర పుచ్చుకుంటాం. మా ఊళ్ళో కోడి కనిపించకపోతే ఇక విచారణ లేదు, నక్కే పట్టుకుపోయిందని తీర్పు. నిరుడు సంక్రాంతికి ముందు మావి నాలుగు కోళ్ళు పోయాయి. పక్క చేను రైతు కోడిపేగుల్లో గుళికల మందు కలిపి చెరుకుతోట గట్టున పెట్టాడు. తెల్లారేసరికి ఒక నక్క చచ్చిపడి ఉంది. మధ్యాహ్నానికి మా కుక్క కూడా పోయింది.

జంతుశాస్త్రం చదువుతున్నాను గదా, అసలు ఈ ప్రాణి తిండి సంగతేమిటో చూద్దామనిపించింది. మన నక్కకు శాస్త్రీయ నామం కేనిస్ ఆరియస్. కుక్కకూ, తోడేలుకూ దగ్గర చుట్టం. మాంసాహారుల్లో లెక్క వేసినా నిజానికి దొరికిందల్లా తినే జీవి. జార్జి షాలర్ అనే శాస్త్రజ్ఞుడు కాన్హా అడవుల మీద రాసిన గ్రంథం 1967లో వెలువడింది. అక్కడి నక్కలకు ఎలుకలు, పాకే ప్రాణులు, పండ్లే ముఖ్యాహారమని తేలింది.

ఇలాంటివి మలాన్ని పరీక్షించి తెలుసుకుంటారు. నక్క దారిమధ్యన, గట్ల మీద, నలుగురికీ కనబడేచోటే విసర్జిస్తుంది గనుక వెతుక్కోనక్కర్లేదు. సెలవుల్లో పది పన్నెండు పోగుచేశాను. పరాన్నజీవుల గుడ్లుంటాయి, చేతికి తొడుగు, ముక్కుకు గుడ్డ లేనిదే ముట్టకూడదని మా లెక్చరరుగారు ముందే హెచ్చరించారు. నానబెట్టి, జల్లెడలో కడిగి ఆరబెడితే అరగనివి మిగులుతాయి. (ఆ జల్లెడను అమ్మ మళ్ళీ వంటింట్లోకి రానివ్వలేదు.) దాదాపు అన్నిట్లోనూ ఎలుక వెంట్రుకలు, నారింజరంగు కొరుకుడు పళ్ళు. తరవాత రేగుగింజలు, పీతడెక్కల ముక్కలు, చెరుకు పీచు. ఒకదానిలో మేక వెంట్రుకలున్నాయి. అయితే ఆ మేకను నక్క చంపిందో, చచ్చినదాన్ని పీక్కుతిందో వెంట్రుక చెప్పదు. ఊళ్ళో తీర్పులు పొరబడేది సరిగ్గా ఇక్కడే.

ఎలుక సంగతి రైతుకు చెప్పాలా! పొలం కొక్కులు తిన్నంత తినడమే గాక, వరి పండాక కంకులు కోసి కన్నాల్లో దాస్తాయి. యానాదులు కన్నం తవ్వితే ధాన్యం బయటపడటం చిన్నప్పుడు ఎన్నిసార్లు చూశానో. ఆ కొక్కుల్ని రాత్రిపూట కూలి అడక్కుండా వేటాడేది నక్క. అలాగని దాన్ని సాధువును చెయ్యను. పుచ్చతోటలో పడి కాయలు కొరుకుతుంది, మొక్కజొన్న పొత్తులు పాడుచేస్తుంది, ఆరుబయట ఉన్న కోడిని వదలదు. కాని విషం పెట్టడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. పైగా విషానికి నక్కా కుక్కా తేడా తెలియదు.

ఇదంతా నాన్నకు చెప్పాను. సాంతం విని, "మరి నీ జల్లెడలో కోడి ఈకలు లేవట్రా?" అన్నాడు. ఉన్నాయి, రెండింటిలో. అది కూడా చెప్పాను. ఆయన మారు మాట్లాడలేదు గాని, పొద్దుగూకకముందే కోళ్ళను గంప కింద మూసి, పైన రోకలిబండ పెడుతున్నాడు.