వేట, రేల, ఎగతాళి

పిల్లలూ యువకులూ కొద్ది రోజులపాటు ఇంటి రోజువారీ బతుక్కి దూరంగా ఒకచోట చేరి, ఏదో ఒక నైపుణ్యాన్ని అభ్యసిస్తూ, పనులు పంచుకుంటూ, ఆటపాటలతో గడిపే ఏర్పాటును ఈనాడు శిబిరం అంటున్నారు. అటువంటి శిబిరాలకు ప్రపంచమంతటా పేరుపడిన సంస్థలలో ఒకటి 1929లో ఇంగ్లండులో మొదలైన పోనీ క్లబ్. పోనీ అంటే భుజాల దగ్గర ఎత్తు సుమారు 58 అంగుళాలకు మించని పొట్టి గుర్రం. దానిపై సవారీ నేర్చుకునే పిల్లలు సెలవుల శిబిరంలో తమ గుర్రానికి తామే మేత వేసి, ఒళ్లు రుద్ది, జీను తుడిచి, లాయం శుభ్రం చేస్తారు. జట్టుకు వచ్చే మార్కులలో ఆ శుభ్రతకూ వాటా ఉంటుంది. 1957లో మొదలైన ప్రిన్స్ ఫిలిప్ కప్‌లో గుర్రాలపై రిలే పందేలు ఆడేది కూడా జట్లే. సవారీ కన్నా లాయం ఊడ్చే పనిలోనే ఈ ఏర్పాటు గొప్పతనం ఎక్కువగా ఉన్నదని చెప్పాలి, ఎందుకంటే వినోదాన్ని ఎరగా చూపి బాధ్యతను అలవాటు చేసే ఉపాయం అక్కడే ఉంది.

ఖమ్మం, భద్రాచలం అడవుల సరిహద్దులో పోనీ క్లబ్ ఊసే లేదు. ఇక్కడికి తూర్పున పాడేరు ప్రాంతపు కొండలలో గుర్రాలు కనిపిస్తాయి గానీ, అక్కడ గుర్రం రోడ్డు లేని ఊళ్ల నుంచి సంతకు సరుకు మోసే జీవి. దానితో ఆటలాడే తీరిక ఎవరికీ లేదు. అయితే గుర్రాన్ని పక్కన పెట్టి, వినోదం మాటున బాధ్యత నేర్పే ఆ ఉపాయాన్ని మాత్రమే వెతికేవారికి, గోదావరికి ఇరువైపులా ఉన్న కోయ గూడేలలో అంతకన్నా పాతదీ, అంతకన్నా పదునైనదీ ఒకటి దొరుకుతుంది. తొలకరికి ముందు వచ్చే విజ్జ పండుం, అంటే తెలుగువారు భూమి పండుగ అని పిలిచే విత్తనాల పండుగ, అటువంటి శిబిరమే. దానికి శిక్షకుడు లేడు, మార్కులు లేవు, కప్పు లేదు. ఆ మూడింటి పనినీ ఎగతాళి ఒక్కటే చేస్తుంది.

కోయలది గోండికి దగ్గరి చుట్టమైన ద్రావిడ భాష. వారి సమాజం గట్లుగా విభజితమై ఉంటుంది. గట్టు అంటే ఒకే మూలపురుషుని సంతతిగా భావించుకునే కుటుంబాల సమూహం, దానిలోపల పెళ్లి సంబంధాలు కలుపుకోరు. వీరు నివసించే నేల ఏలికలను మార్చినన్ని సార్లు తెలుగుదేశంలో మరే ప్రాంతమూ మార్చి ఉండకపోవచ్చు. 1860 దాకా నిజాం కింద ఉన్న భద్రాచలం, రేకపల్లి ప్రాంతాలు బ్రిటిషు మధ్య పరగణాలకు, అక్కడి నుంచి 1874లో మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాకు, 1959లో ఖమ్మం జిల్లాకు చేరాయి. 2014లో కూనవరం, చింతూరు, వరరామచంద్రాపురం వంటి మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలవగా, 2016లో మిగిలిన భాగం భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో చేరింది. ఈ సరిహద్దుల లెక్క పండుగకు పట్టదు. చర్లలోనూ చింతూరులోనూ, ఛత్తీస్‌గఢ్ కుంటలోనూ, ఒడిశా మల్కనగిరిలోనూ అది కాస్త అటూ ఇటూగా ఒకే రుతువులో, ఏ ఊరి పెద్దలు నిర్ణయించిన రోజున ఆ ఊళ్లో మొదలవుతుంది.

పండుగ జరిగే తీరు ఊరూరికీ కొంత మారినా దాని చట్రం ఒక్కటే. ప్రతి ఇంటి నుంచీ వచ్చే విత్తనాలను ఒకచోట చేర్చి, ఊరి పూజారి భూదేవి ఎదుట వాటికి పూజ చేసి, కోడిని బలి ఇచ్చి, ఆ నెత్తురు సోకిన విత్తనాలను మళ్లీ ఇళ్లకు పంచుతాడు. ఈ తంతు ముగియనిదే విత్తు నేలలో పడకూడదని కట్టుబాటు. ఒక ఇంటి విత్తనం ఊరందరి విత్తనంలో కలిసి తిరిగివచ్చే ఈ పద్ధతిలోనే పండుగ స్వభావం తెలుస్తుంది. ఆ తరువాత ఊరు రెండు జట్లుగా చీలుతుంది: విల్లంబులూ బల్లేలూ పట్టిన మగవారు, వారి వెంట తొలిసారి అడవి లోపలికి వెళ్లే కుర్రవాళ్లు, వేటకు బయలుదేరుతారు, ఆడవారు ఊరినీ దారినీ తమ అధీనంలోకి తీసుకుంటారు. ఊరిని బట్టి కొద్ది రోజుల నుంచి వారం దాకా ఈ అమరిక సాగుతుంది.

గుంపు వేట ఒంటరి వేటకు పూర్తిగా భిన్నమైన విద్య. ఒంటరి వేటగాడికి ఓర్పూ గురీ చాలు. గుంపు వేటలో కొందరు కేకలతోనూ చప్పుళ్లతోనూ జంతువును ఒక దిక్కుకు తోలాలి, మరికొందరు గాలి వాలు గమనించి మాటు వేయాలి, మధ్యలో ఖాళీ వదలకుండా వరుస నిలవాలి, మాటున ఉన్నవాడి బాణం తోలేవాడికి తగలకుండా ఇద్దరికీ ఒకరి చోటు ఒకరికి తెలిసి ఉండాలి. వరుసలో ఒక్క కుర్రవాడు బెదిరి పక్కకు తప్పుకుంటే ఊరందరి పొద్దుటి శ్రమ ఆ ఖాళీ గుండా పారిపోతుంది. దొరికినది ఏదైనా ఊరంతా పంచుకోవలసిందే కనుక, తప్పిన దానికి కూడా ఊరంతా వాటాదారే. పదిహేనేళ్ల కుర్రవాడు అడవి దారులను, జంతువుల అడుగుజాడలను, మందులకు పనికివచ్చే చెట్లను, నీటి చెలమలను ఈ కొద్ది రోజులలో పెద్దల నోటి నుంచి వింటాడు. అయితే వాటన్నిటికన్నా ముందు, తన చోటు వదలకుండా నిలబడటం నేర్చుకుంటాడు.

ఈ క్రమశిక్షణను కాపాడేది పెద్దల కోపం కాదు. వేట నుంచి ఖాళీ చేతులతో తిరిగివచ్చిన మగవారికి ఊరి పొలిమేరలో ఆడవారు ఎదురవుతారు. పేడనీళ్లు చల్లుతారు, పాటగట్టి వెక్కిరిస్తారు, ఊళ్లోకి అడుగుపెట్టనివ్వకుండా అడ్డగిస్తారు. వేటకు వెళ్లకుండా ఇంటి పట్టున ఉండిపోయిన మగవాడికీ ఆ మర్యాదే దక్కుతుంది. ఈ ఎగతాళికి ఎదురు మాట్లాడటం, ముఖం మాడ్చుకోవడం పండుగ మర్యాదకు విరుద్ధం. ఇక్కడ గమనించవలసింది ఏమంటే, పేడనీళ్లు ఎవరో ఒకరి నెత్తిన కాక గుంపు మొత్తం మీద పడతాయి. గురి తప్పినవాడి పేరు ఊరికి తెలిసినా, తడిసేది అందరూ. తప్పును ఒకడి మెడకు చుట్టకుండా జట్టు మొత్తానికి పంచి, దాన్ని కూడా నవ్వులాటగా మార్చడం అన్నది మార్కుల పుస్తకంతో సాధ్యమయ్యే పని కాదు. ఏడాది పొడుగునా మగవారి మాట చెల్లే ఊళ్లో, ఈ కొద్ది రోజులు ఆడవారి నాలుకకు పగ్గం లేకపోవడం కూడా యాదృచ్ఛికం కాకపోవచ్చు.

ఆడవారి జట్టు సంగతి మగవారి వేట కన్నా బయటివారికి ఎక్కువగా తెలుసు, ఎందుకంటే అది రోడ్డు మీదనే కనిపిస్తుంది. భద్రాచలం నుంచి చింతూరు మీదుగా కుంటకు పోయే 30వ నంబరు జాతీయ రహదారిలోనూ, దానికి కలిసే చిన్న రోడ్లలోనూ, పండుగ రోజులలో యువతులూ బాలికలూ దారికి అడ్డంగా తాడో కర్రో పట్టి, వచ్చే వాహనాన్ని ఆపి, దాని ముందు రేల ఆడి, పండుగ డబ్బు అడుగుతారు. రేల అంటే వేసవిలో పసుపుపచ్చని గుత్తులతో పూసే చెట్టు పేరు. అదే మాట పల్లవిగా తిరిగే పాటలకూ, ఆ పాటలకు వేసే అడుగులకూ కూడా అదే పేరు నిలిచింది. చేతులు ఒకరి నడుము చుట్టూ ఒకరు పెనవేసుకుని వరుసగా నిలబడి, ముందుకూ వెనక్కూ ఒకే కొలతలో కదిలే ఈ నాట్యంలో ఒకరు ఎత్తుకున్న చరణాన్ని మిగిలినవారు అందుకుంటారు. చేతులు కట్టుబడి ఉన్నందువల్ల ఒకరి అడుగు తప్పితే వరుస మొత్తం తూలుతుంది. ఎనిమిదేళ్ల పిల్ల కూడా ఇద్దరు పెద్దవాళ్ల మధ్య ఇరుక్కుని, భారంగా మారకుండా అడుగు కలపవలసి వస్తుంది. ఎత్తుకునే గొంతుకు సమయస్ఫూర్తి ఉంటే ఆగిన లారీ మీద, లోపల కూర్చున్న పిసినారి మీద అప్పటికప్పుడే చరణం పుడుతుంది. వచ్చిన డబ్బు ఉమ్మడి విందుకు పోతుంది. ఆగిన డ్రైవర్లందరూ దీన్ని ఆనందిస్తారని చెప్పలేము గానీ, గంట వాదించేకన్నా పది రూపాయలు ఇవ్వడమే సుఖమన్న జ్ఞానం ఆ దారిన తిరిగేవారికి త్వరగానే కలుగుతుంది.

ఈ రెండు జట్లూ ఒకచోట కలిసే ఆట కొమ్ము నాట్యం. కోయ భాషలో పెర్మకోక్ ఆట అని పిలిచే ఈ నాట్యంలో మగవారు అడవిదున్న కొమ్ములు బిగించిన తలపాగాలు ధరించి, పెద్ద డోళ్లు మెడకు తగిలించుకుని వాయిస్తూ వలయంగా తిరుగుతారు. ఇద్దరు దున్నల్లా తలలు వంచి ఎదురెదురుగా కొమ్ములతో కలబడతారు. ఆడవారు గొలుసుకట్టుగా చుట్టూ అడుగులు వేస్తారు. బరువైన డోలును మోస్తూ వాయిస్తూ, కొమ్ము పక్కవాడి కంటికి తగలకుండా తల విసరడం కుర్రవాళ్లకు ఒక్క పండుగలో అబ్బే విద్య కాదు. డోలు మీద ఆధారపడిన మరో విద్య గట్ల పుట్టుకథలను, వీరగాథలను గానం చేయడం. వేల్పుల బొమ్మలు కుట్టిన పడిగె అనే బట్ట పతాకం ఎదుట డోలి కళాకారులు ఈ కథలు చెబుతారు. సమ్మక్క సారలమ్మ గాథతో సహా వాటిని నోటికి నిలుపుకున్న మణుగూరు మండలం కూనవరం వాసి సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ లభించింది. 2024లో ఆయన మరణంతో ఆ కథల భాండారంలో ఎంత భాగం మిగిలిందన్న ప్రశ్న తలెత్తింది. నాట్యాన్ని గుంపు కాపాడుకోగలదు, ఎందుకంటే ఒకరు మరిచిన అడుగును మరొకరు గుర్తు చేస్తారు. ఒక్కరే పాడే కథకు ఆ భద్రత లేదు.

ఉమ్మడి వినోదంతో యువతను తీర్చిదిద్దే పద్ధతి కోయల ఉత్తర సరిహద్దులో మరింత స్థిరమైన రూపం దాల్చింది. బస్తర్ మురియాలలో పెళ్లికాని యువతీయువకులకు ఊరు ప్రత్యేకంగా కట్టి ఇచ్చే ఇల్లు గోటుల్. 1947లో వెరియర్ ఎల్విన్ దీనిపై రాసిన బృహద్గ్రంథంలో, అక్కడి చేలిక్ అనే యువకులూ మోతియారి అనే యువతులూ తమలో తాము పదవులూ బిరుదులూ పంచుకోవడం, యువకులు కట్టెలు తేవడం, యువతులు ఊడ్చి అలకడం, పని ఎగ్గొట్టినవారికి జరిమానా వేయడం, ఊళ్లో పెళ్లి వస్తే అందరూ కలిసి ఆటపాటల బాధ్యత మోయడం వివరంగా ఉన్నాయి. భద్రాచలం కోయలలో ఇటువంటి ఇల్లు లేదు. ఏడాది పొడవునా సాగే గోటుల్ పని ఇక్కడ కొద్ది పండుగ రోజులలో ఇమిడి ఉన్నదని అనవచ్చు.

ఈ చిత్రం యథాతథంగా ఇప్పటికీ నిలిచి ఉన్నదని చెప్పడం సత్యదూరం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధించింది. అడవిదున్నకు ఆ చట్టపు మొదటి షెడ్యూలులో గరిష్ఠ రక్షణ ఉంది. అడవిపై గిరిజనుల హక్కులను గుర్తించిన 2006 చట్టం కూడా సంప్రదాయ హక్కుల జాబితా నుంచి వేటను విడిగా పేర్కొని మరీ మినహాయించింది. ఒకవైపు కిన్నెరసాని అభయారణ్యం, మరోవైపు 2008లో జాతీయ ఉద్యానవనమైన పాపికొండలు ఉన్న ఈ ప్రాంతంలో ఆ నిషేధం కాగితాలకు పరిమితమైనది కాదు. జంతువులు కరవైన అడవిలో దాన్ని తప్పుపట్టడమూ కష్టమే. నాట్యంలో ధరించే కొమ్ములు తాతల నాటి నుంచి చేతులు మారుతూ వస్తున్నవే. విరిగితే అసలు కొమ్ము మళ్లీ దొరకదు. వేట తంతుగా కుదించుకుపోయిన చోట పొలిమేర దగ్గరి వెక్కిరింత మాత్రం నిలిచి ఉండటం ఆలోచించదగినది: నెపం పోయినా నవ్వు అవసరం పోలేదు.

యువత ఉమ్మడి జీవనానికి ఇప్పుడు మరో కేంద్రం ఆశ్రమ పాఠశాల, అంటే గిరిజన సంక్షేమ శాఖ నడిపే వసతి బడి. అక్కడి పిల్లలకు కబడ్డీ, ఖోఖో, విలువిద్య వంటి అంశాలలో క్రీడాపోటీలు జరుగుతాయి, పతకాలు వస్తాయి. కిన్నెరసానిలో గిరిజన విద్యార్థులకు క్రీడా పాఠశాల కూడా ఉంది. ఇవన్నీ మంచివే, అయితే వాటి తేదీలను బడి నిర్ణయిస్తుంది, పండుగల తేదీలను పంట నిర్ణయిస్తుంది. విజ్జ పండుం వేసవి సెలవులలో పడటం వల్లనే చాలామంది పిల్లలు ఆ రోజులకు ఊళ్లో ఉండగలుగుతున్నారు. తునికాకు కోసి, యాభై ఆకుల చొప్పున కట్టలు కట్టి, కల్లంలో అప్పజెప్పే పని కూడా ఇంచుమించు అప్పుడే ముగుస్తుంది కనుక ఇంట్లో నాలుగు డబ్బులూ ఉంటాయి. కొత్త పంటను దేవతకు నివేదించకుండా ఎవరూ ముట్టకూడని కొత్తల పండుగ సంగతి వేరు. అది వచ్చేది బడి నడిచే నెలల్లో. ఇంట్లో పెద్దలు కొత్త గింజకు మొక్కే రోజున పిల్లలు హాస్టల్ వరుసలో పళ్లెం పట్టుకుని నిలబడి ఉంటారు. వార్డెను సెలవు ఇస్తే సాయంత్రానికి ఊరు చేరతారు, లేకపోతే ఆ ఏటి పండుగ వారు లేకుండానే జరిగిపోతుంది.